నిత్యజీవితంలో నిర్ణయాలు

పొలంలో ఈ ఏడు ఏ పంట వేయాలి, పిల్లను ఏ కాలేజీలో చేర్చాలి, ఊళ్ళో ఉన్న ఇల్లు అమ్మాలా ఉంచాలా, డాక్టరు చెప్పిన ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా ఇంకొకరికి చూపించాలా. ఇలా మామూలు మనిషి తన బతుకులో చేసుకునే ఎంపికలే నిత్యజీవిత నిర్ణయాలు. వీటిని ఎలా తీసుకుంటున్నాం, ఎక్కడ తప్పుతున్నాం, ఎలా బాగుచేసుకోవచ్చు అన్న ఆలోచన చాలా పాతది. నీతిశాస్త్రం దీన్ని ప్రాచీన కాలం నుంచి పట్టించుకుంది. గణితం 17వ శతాబ్దిలో, మనస్తత్వశాస్త్రం 20వ శతాబ్దిలో వచ్చి చేరాయి. ఈ మూడింటి కృషినీ కలిపి చూస్తే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: ఎంచుకునే క్షణంలో బుర్ర బద్దలు కొట్టుకోవడం కంటే, ఆ క్షణం రాకముందే చేసుకున్న చిన్న ఏర్పాటు ఎక్కువ మేలు చేస్తుంది.

సామెతల జంటలు

తెలుగువాళ్ళకు నిర్ణయం గురించిన సలహా మొదట సామెతల్లోనే అందుతుంది. పని వాయిదా వేసేవాడితో ‘ఆలస్యం అమృతం విషం’ అంటాం. తొందరపడేవాడితో ‘నిదానమే ప్రధానం’ అంటాం. రెండూ నిజమే, కానీ ఏది ఎప్పుడు వర్తిస్తుందో సామెత చెప్పదు. అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ 1946లో పరిపాలనాశాస్త్రం మీద రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకున్నారు. పరిపాలనా సూత్రాలుగా చెలామణి అవుతున్నవి సామెతల్లాగే జంటలు జంటలుగా, ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయని, ఏ సందర్భంలో ఏది పాటించాలో తేల్చే ఆధారం లేదని ఆయన వాదన.

కథకు ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే కథలో సందర్భం ఉంటుంది. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’ తరతరాల బడిపిల్లలకు స్నేహితుణ్ణి ఎలా ఎంచుకోవాలో, చెప్పుడు మాటలు ఎంత పని చేస్తాయో పంచతంత్ర కథల దారిలో నేర్పింది. ఇరవయ్యో శతాబ్ది చివరికి ఆ స్థానంలోకి వ్యక్తిత్వ వికాస పుస్తకం వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ ఇంటింటికీ చేరినంతగా తెలుగులో ఈ కోవ పుస్తకాలు తక్కువే చేరాయి. ఈ కోవ మొత్తం మీద సంకల్పానికీ ఆత్మవిశ్వాసానికీ ఇచ్చినంత చోటు ఏర్పాట్లకు ఇవ్వదు. సంకల్పం ఎంత దూరం తీసుకెళ్తుందో కింద చూద్దాం.

సైమన్ దారి వేరు. అన్ని ప్రత్యామ్నాయాలనూ తూచి అత్యుత్తమమైనదాన్ని ఎంచుకునేంత సమయం, సమాచారం, శక్తి ఏ మనిషికీ ఉండవని, కాబట్టి నిజజీవితంలో మనిషి ముందుగా ఒక మట్టం పెట్టుకుని దాన్ని అందుకున్న మొదటిదాన్ని తీసుకుంటాడని ఆయన చూపారు. అద్దె ఇల్లు వెతికేవాళ్ళు చేసేది ఇదే: నీళ్ళకు కరువుండకూడదు, బడి నడకదూరంలో ఉండాలి, అద్దె ఇంతకు మించకూడదు. ఈ మూడూ కుదిరిన ఇంటికి అడ్వాన్సు ఇచ్చేస్తారు. దీన్ని బద్ధకం అనుకోవడం తప్పు, ఇది వివేకమే. అర్థశాస్త్రంలో 1978 నోబెల్ బహుమతి సైమన్‌కు వచ్చింది.

కాగితం మీద లెక్క

తేల్చుకోలేనప్పుడు కాగితం తీసుకుని మధ్యలో నిలువుగీత గీయడం ఇప్పుడు అందరికీ తెలుసు. దీనికి ప్రసిద్ధమైన పాత వివరణ బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772 సెప్టెంబరు 19న శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీకి రాసిన ఉత్తరంలో ఉంది. ప్రీస్ట్లీకి షెల్బర్న్ ప్రభువు దగ్గర కొలువు వచ్చింది. చేరాలా వద్దా అని సలహా అడిగారు. ఏం చేయాలో తాను చెప్పలేనని, ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్తానని ఫ్రాంక్లిన్ జవాబిచ్చారు. కాగితంలో ఒకవైపు అనుకూల కారణాలు, మరోవైపు ప్రతికూల కారణాలు మూడు నాలుగు రోజులపాటు తట్టినవి తట్టినట్టు రాయాలి. ఆ తర్వాత ఒక్కోదాని బరువు అంచనా వేసి, రెండువైపులా సమానంగా ఉన్నవాటిని కొట్టేయాలి. ఇటు ఒకటి అటు రెండింటికి సరితూగితే మూడింటినీ కొట్టేయాలి. ఏ పక్క ఏం మిగిలిందో చూసుకుని, ఇంకో ఒకటి రెండు రోజులు ఆగినా కొత్త కారణం తట్టకపోతే తేల్చేయాలి.

ఈ పద్ధతిని వాడే చాలామంది వదిలేసేది ఆ మూడు నాలుగు రోజులనే. కారణాలన్నీ ఒకేసారి మనసులోకి రావు, ఒకప్పుడు ఒక జట్టు వస్తే ఇంకొకప్పుడు ఇంకో జట్టు వస్తుందన్నది ఫ్రాంక్లిన్ గమనింపు. పద్ధతి ప్రాణం అక్కడే ఉంది. ఒక్క పూటలో కూర్చుని రాసిన పట్టిక ఆ పూట మన మనసెలా ఉందో చెప్తుంది, అంతకుమించి చెప్పదు. పై అధికారితో గొడవపడి వచ్చిన రాత్రి ఉద్యోగం మానేయాలా అని రాస్తే ఏ పక్క నిండుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ప్రీస్ట్లీ ఆ కొలువులో చేరారు. 1774లో ఆక్సిజన్‌ను వేరుచేసిన ప్రయోగం షెల్బర్న్ గారి బోవుడ్ భవనంలోనే జరిగింది.

1838లో చార్లెస్ డార్విన్ పెళ్ళి చేసుకోవాలా వద్దా అని ఇలాంటి పట్టికే రాసుకున్నారు. 1839 జనవరి 29న ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్ళాడారు. ఈ రెండు పట్టికల్లోనూ ఒక లోటు ఉంది: దారులు రెండే. చేయాలా, వద్దా. తొందరలో మనం పెట్టుకునే చాలా ప్రశ్నలు ఇలాగే ఇరుకుగా ఉంటాయి. ఇల్లు అమ్మాలా ఉంచాలా అని ఏడాదిపాటు వాదించుకున్న అన్నదమ్ములకు అద్దెకివ్వడమో, ఒకరి వాటా ఇంకొకరు కొనుక్కోవడమో తట్టకపోవచ్చు. ‘ఈ రెండు దారులూ మూసుకుపోతే ఏం చేస్తాం?’ అని కాగితం అడుగున రాసుకుంటే మూడోది బయటికొస్తుంది.

ఎక్కడ తప్పుతాం

మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1970లలో మొదలుపెట్టిన పరిశోధన మనిషి తీర్పులో పొరపాట్లు గుడ్డిగా జరగవని, వాటికీ ఒక క్రమం ఉందని చూపింది. ఒకే విషయాన్ని చెప్పే తీరు మార్చితే నిర్ణయం మారిపోతుందన్నది వాళ్ళ 1981 ప్రయోగం. 600 మంది ప్రాణాలు తీయగల వ్యాధి వచ్చిందనుకోమన్నారు. ఒక పథకంలో ‘200 మంది ఖాయంగా బతుకుతారు’ అని చెప్పినప్పుడు 72 శాతం దాన్నే ఎంచుకున్నారు. అదే పథకాన్ని ‘400 మంది చనిపోతారు’ అని చెప్పినప్పుడు 22 శాతమే ఎంచుకున్నారు. ఆస్పత్రిలో సంతకం పెట్టేముందు డాక్టరు చెప్పిన అంకెను తిరగేసి మళ్ళీ అడగడం ఇందుకే మంచిది. వందలో తొంభై మందికి నయమవుతుందంటే పదిమందికి కాదనే. రెండు మాటలూ విన్నాక మనసు ఒకేలా ఉంటే సంతకం పెట్టొచ్చు. ట్వెర్‌స్కీ 1996లో మరణించారు. కానమన్‌కు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంటి పనుల్లో ఎక్కువ నష్టం చేసేది గడువు, ఖర్చుల అంచనా. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న మాట వెనక ఉన్నది ఈ అనుభవమే. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కెనడా విద్యార్థులు తమ పరిశోధన వ్యాసం సగటున సుమారు 34 రోజుల్లో పూర్తవుతుందన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులు పడుతుందని అడిగితే చెప్పిన అంకె కూడా తక్కువే అయింది. పెద్ద సంస్థలకూ ఇదే గతి. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో 1963కల్లా ముగుస్తుందనుకున్న సిడ్నీ ఒపేరా హౌస్ 1973లో, 10 కోట్ల 20 లక్షల డాలర్లకు ముగిసింది. లోపం లెక్కల్లో లేదు, చూసే చోటులో ఉంది. మన ఇంటి ప్లాను చూసుకుంటూ సిమెంటు, ఇటుక, కూలీ అని కూడుకుంటూ పోతే మేస్త్రీ రాని రోజులు, ఇసుక దొరకని నెలలు ఆ కూడికలో పడవు. ప్లాను పక్కనపెట్టి, గత రెండేళ్ళలో మన వీధిలో ఇల్లు కట్టిన నాలుగైదు కుటుంబాలను అనుకున్నదెంత, అయిందెంత అని అడిగితే అసలు అంకె అక్కడ దొరుకుతుంది.

పెట్టిన డబ్బు మీద మమకారం ఇంకా లోతైన గాయం. ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాలలో పూర్తి ధరకు సీజన్ టికెట్ కొన్నవాళ్ళు, తగ్గింపు ధరకు దొరికినవాళ్ళకంటే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వచ్చారని 1985లో ఆర్క్స్, బ్లూమర్ చూపారు. అక్కడ పోయేది ఒక సాయంత్రమే. అనంతపురంలోనూ నల్లగొండలోనూ అదే మమకారం బోరుబావి రూపంలో వస్తే పొలమే పోతుంది. గట్టి రాతి నేలలో నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి. మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోది వేయడానికి రైతు చెప్పే కారణం చాలాసార్లు ‘ఇంత పెట్టాం కదా, ఇప్పుడు ఆపితే అదంతా పోతుంది’ అన్నదే. అదంతా పోయింది, నాలుగోది వేసినా రాదు. పైగా మూడు ఎండిన బోర్లు ఆ నేల గురించి చెప్తున్న సాక్ష్యం, వాటిని వినాలి. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ పొలాన్ని ఇవాళే కొన్న కొత్త మనిషి, ఈ మూడు బోర్ల సంగతి తెలిసి, నాలుగోదానికి అప్పు చేస్తాడా? ఎండుతున్న బత్తాయి తోట ముందు నిలబడ్డ మనిషికి ఈ ప్రశ్న వేయడం సులువు కాదు. అందుకే మొదటి బోరు వేసేనాడే, ఎన్నింటితో ఆపుతామో ఇంట్లో వాళ్ళ ముందు చెప్పి ఉంచడం మేలు.

ఫలితాన్నిబట్టి నిర్ణయాన్ని కొలవడం మరో పొరపాటు. బారన్, హెర్షీ 1988 పరిశోధనలో ఒకే డాక్టరు ఒకే ఆధారాలతో చేసిన ఒకే నిర్ణయాన్ని, రోగి బతికాడని చెప్పినప్పుడు మంచిదన్నవాళ్ళు చనిపోయాడని చెప్పినప్పుడు అంత మంచిది కాదన్నారు. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. ఆ ధర చూసి చాలామంది టమాటా వేశారు. సెప్టెంబరుకల్లా రైతుకు దక్కే ధర పది రూపాయల లోపుకు పడింది. జూలైలో లాభపడ్డవాళ్ళందరూ తెలివైనవాళ్ళు, సెప్టెంబరులో నష్టపోయినవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళు అనలేం. కానీ నిన్నటి ధర చూసి అందరూ ఒకేసారి అదే పంట వేస్తే రేపటి ధర పడుతుందన్నది అర్థశాస్త్రంలో 1930ల నుంచి తెలిసిన సంగతి. ‘నలుగురితో నారాయణ’ అన్న మాట బతకడానికి పనికొచ్చే చోట్లు ఉన్నాయి, పంట ఎంపిక వాటిలో ఒకటి కాదు.

అనుభవజ్ఞుడి మనసు

తక్షణం తట్టినదంతా తప్పేనా? మనస్తత్వవేత్త గారీ క్లైన్ 1980లలో అగ్నిమాపక దళ నాయకులతో తిరిగి చూసినప్పుడు, వాళ్ళు ప్రత్యామ్నాయాలను పోల్చి చూడటమే లేదని, మంటను చూడగానే ఏం చేయాలో తట్టి అదే చేస్తున్నారని, చాలాసార్లు అది సరైనదే అవుతోందని తేలింది. జర్మనీ పండితుడు గెర్డ్ గిగరెంజర్ కూడా చిన్న సూత్రాలు పెద్ద లెక్కలను మించి పనిచేసే సందర్భాలను ఏర్చి చూపారు. ఏళ్ళ తరబడి ఎదురెదురు శిబిరాల్లో ఉన్న క్లైన్, కానమన్ చివరికి కలిసి కూర్చుని 2009లో ఒక వ్యాసం రాశారు. ఈ రంగంలో నాకు ఎక్కువ ఇష్టమైన రచన అదే, ఎందుకంటే వాదన గెలవడానికి కాక తేల్చడానికి ఇద్దరు పెద్దలు పడ్డ శ్రమ అందులో ఉంది. వాళ్ళు తేల్చిన షరతులు రెండు. పరిసరాల్లో ఒక క్రమం ఉండాలి, ఆ క్రమాన్ని నేర్చుకునేంత సాధన, వెంటనే తెలిసే ఫలితం ఉండాలి. అన్నం ఉడికిందో లేదో మూత తీయకుండా చెప్పే అమ్మ అంచనాకు ఈ రెండూ ఉన్నాయి. వచ్చే ఏడాది మిర్చి ధర చెప్పే దళారి అంచనాకు లేవు, అతను ఎంత ధీమాగా చెప్పినా సరే.

ముందే చేసుకునే ఏర్పాటు

చీటీ వేయడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటు. నెలనెలా కట్టాలి, కట్టకపోతే నలుగురిలో మాట పోతుంది. వడ్డీ లెక్కలో చూస్తే బ్యాంకే నయం కావచ్చు, అయినా బ్యాంకులో దాచలేని ఇల్లాలు చీటీలో దాచగలుగుతుంది. తన చేతిలో ఉంటే ఖర్చవుతుందని తెలిసి చేతికి అందకుండా చేసుకోవడమే అందులోని తెలివి. ఫిలిప్పీన్స్‌లోని మిండనావోలో ఒక బ్యాంకు, అనుకున్న తేదీ లేదా అనుకున్న మొత్తం వచ్చేదాకా డబ్బు తీయడానికి వీల్లేని ఖాతా పెట్టింది. అదనపు వడ్డీ ఏమీ లేదు. చేరతారా అని బ్యాంకు అడిగినవాళ్ళలో 28 శాతం చేరారు. ఏడాది తర్వాత, ఖాతా ఇవ్వజూపిన బృందం సగటు పొదుపు, ఇవ్వజూపని బృందంకంటే 81 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగిందని 2006లో ప్రచురించారు. జీతగాళ్ళకు మూలవేతనంలో 12 శాతం భవిష్యనిధికి కోతపడటం, పగలగొడితే తప్ప డబ్బు రాని పిల్లల మట్టి డిబ్బీ కూడా ఇదే పని చేస్తాయి.

సంకల్పబలం విషయానికొస్తే, అది కండరంలా అలసిపోతుందన్న 1998 నాటి ప్రసిద్ధ సిద్ధాంతాన్ని 2016లో 23 ప్రయోగశాలలు రెండువేల మందికి పైగా మనుషులతో పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా వచ్చింది. అలవాట్ల గురించిన ప్రసిద్ధమైన మాటా అంతే: 21 రోజుల్లో అలవాటు పడుతుందన్నదానికి మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. లండన్‌లో 96 మందిని గమనించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషినీ పనినీ బట్టి 18 నుంచి 254 దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. నడక మొదలుపెట్టి ఒక్కరోజు మానేసినందుకే మొత్తం మానేసేవాళ్ళు ఈ చివరి సంగతి తెలుసుకోవాలి.

మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్సర్ చూపిన కిటుకు చిన్నది. ‘రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను’ అనడానికి బదులు ‘పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టగానే మాత్ర వేసుకుంటాను’ అనుకోవడం. ఎప్పుడు, ఎక్కడ అన్నవి పనికి కట్టేస్తే గుర్తుపెట్టుకునే భారం పరిసరాలే మోస్తాయి. అమెరికాలో ఒక సంస్థ ఉద్యోగులను ఫ్లూ టీకాకు వెళ్ళే తేదీ, సమయం కాగితం మీద రాసుకోమంటే, వేయించుకున్నవాళ్ళు 33 శాతం నుంచి 37 శాతానికి పెరిగారు. నాలుగు శాతం పాయింట్లే, అయితే దానికైన ఖర్చు పెన్నుగీత.

జాబితా కూడా ఇలాంటిదే. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 విమానం తోక భాగపు తాళం తీయడం మరిచిపోవడంతో ఎగిరిన కాసేపటికే కూలింది. నడిపినవాళ్ళు అనుభవజ్ఞులే. పైలట్లకు తనిఖీ జాబితా ఆ తర్వాతే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల శస్త్రచికిత్స జాబితాను న్యూఢిల్లీతో సహా 8 నగరాల ఆస్పత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో 101 ఆస్పత్రులకు తప్పనిసరి చేస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. జాబితాను గట్టిగా చదివి ఒకరికొకరు చెప్పుకోవడం వేరు, గళ్ళలో టిక్కులు పెట్టేయడం వేరు. గ్యాస్ కట్టేశామా, మందులు పెట్టామా, టికెట్ల ప్రింట్లు ఉన్నాయా అని తలుపు వెనక అంటించిన కాగితానికి కూడా ఈ తేడా వర్తిస్తుంది.

లేమి

తమిళనాడులో 54 గ్రామాలకు చెందిన 464 మంది చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి పరీక్షించి 2013లో ప్రచురించారు. అదే రైతు కోతకు ముందు తర్కపరీక్షల్లో తక్కువగా, కోత తర్వాత మెరుగ్గా చేశాడు. ఒక్క అధ్యయనంతో తేలిపోయే విషయం కాదు, కానీ అప్పుల ఆలోచన బుర్రలో చోటు ఆక్రమిస్తుందన్నది అనుభవించినవాళ్ళకు కొత్త కాదు. వారంవారం కిస్తీలు, ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు, వసూలుకు వచ్చినవాళ్ళ వేధింపులు పెరిగిపోయి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. అలాంటి స్థితిలో ఉన్న కుటుంబానికి మంచి నిర్ణయాలు తీసుకోమని ఉపదేశించడం అన్యాయం. కిస్తీల గడువును పంట డబ్బు వచ్చే నెలకు జరిపితే వాళ్ళ నిర్ణయాలు వాటంతటవే బాగుపడవచ్చు.

సీటు, పెళ్ళి, ఇల్లు

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల వారంలో తెలుగు రాష్ట్రాల ఇళ్ళలో జరిగే తర్జనభర్జనలో ఒక భయం తప్పక వినిపిస్తుంది: రాని కాలేజీని మొదట పెడితే వచ్చేది కూడా పోతుందేమోనని. పోదు. కేటాయింపు ర్యాంకు వరసలో, రిజర్వేషన్ నిబంధనల మేరకు నడుస్తుంది. విద్యార్థి వంతు వచ్చినప్పుడు అతని జాబితాలో పైనుంచి కిందికి చూసి ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తారు. పైనున్నది దొరకకపోతే కింది దానికి వెళ్తారు, శిక్ష ఏమీ ఉండదు. కాబట్టి నిజంగా ఇష్టమైన వరసలోనే పెట్టాలి, ఎక్కువ పెట్టాలి, చేరనని ముందే తెలిసినవి పెట్టకూడదు. తర్వాతి విడతలో కొత్త సీటు వస్తే పాతది రద్దవుతుంది, కనుక అప్పుడు చేతిలో ఉన్నదానికంటే మెరుగైనవే పెట్టాలి. ఎత్తుగడలన్నీ వదిలేసి పిల్లకు నిజంగా ఏది ఇష్టమో మాట్లాడుకోవడానికి ఆ వారాన్ని వాడుకోవచ్చు.

తేల్చుకోలేక నెలల తరబడి ఊగిసలాడేవాళ్ళ గురించి అర్థశాస్త్రవేత్త స్టీవెన్ లెవిట్ ఒక వింత పరీక్ష చేశారు. ఉద్యోగం మానడం, సంబంధం తెంచుకోవడం లాంటివాటిమీద నాణెం ఎగరేయించారు. 20 వేలకు పైగా నాణేలు ఎగిరాయి. మార్పు వైపు పడి, మారినవాళ్ళు ఆరునెలల తర్వాత తాము ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. తమంతట తాము వచ్చి చేరినవాళ్ళు చెప్పుకున్న మాటే అయినా, అంత దూరం ఊగినవాళ్ళకు సాధారణంగా మార్పు వైపే బరువు ఉందన్న సూచన ఇందులో ఉంది. తిరిగి సరిదిద్దుకోగల నిర్ణయాలకు ఇది నప్పుతుంది. భూమి అమ్మకం లాంటి వెనక్కి రాని వాటికి నప్పదు.

మన ఇళ్ళలో పెద్ద నిర్ణయం ఏ ఒక్కరిదీ కాదు. పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చాక పెద్దాయన ‘సంబంధం బాగానే ఉంది’ అనగానే మిగతావాళ్ళ అభిప్రాయాలు అటే మొగ్గుతాయి. 1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ ప్లిమత్ పశుప్రదర్శనలో ఒక ఎద్దు మాంసం బరువు మీద వచ్చిన 787 చీటీలను పరిశీలించారు. మధ్యస్థ అంచనా 1,207 పౌన్లు, అసలు బరువు 1,198. ఒకరి చీటీ ఒకరు చూడకుండా రాయడంవల్లే అంత దగ్గరగా వచ్చింది. సంబంధం చూసి వచ్చిన రోజు, కారులో మాటలు మొదలుకాకముందే, వెళ్ళినవాళ్ళందరూ తమకు నచ్చినవి, అనుమానం కలిగించినవి విడివిడిగా రాసుకోవచ్చు. ముందుగా పెళ్ళి కావలసిన మనిషి తన కాగితం చదవాలి, పెద్దాయన చివర చదవాలి.